ఈవెంట్లకు ముందు మడమ నొప్పి: ఒక కానిస్టేబుల్ అభ్యర్థి అకిలిస్ టెండన్ కేసు

అనంతపురంలో పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఫిజియోథెరపీ గడప తొక్కేది రెండే సందర్భాల్లో. అడుగు వేయలేని స్థితి వచ్చినప్పుడు, లేదంటే ఈవెంట్లు, అంటే పరుగు, లాంగ్ జంప్ పరీక్షలు, దగ్గరపడ్డాయని మాట పుట్టినప్పుడు. ఈ అబ్బాయి రెండో రకం. వయసు 24, బరువు 67 కిలోలు. సొంతూరు టౌన్‌కు గంట దూరంలో ఒక పల్లె. ముగ్గురు స్నేహితులతో కలిసి రూమ్ తీసుకుని కోచింగ్‌కు పోతున్నాడు. 2024 సెప్టెంబరు మొదట్లో ఎడమ మడమ వెనక నొప్పితో వచ్చాడు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు లాంటి అకిలిస్ టెండన్‌ది ఆ నొప్పి. తన కేసు రాసుకోవడానికి ఒప్పుకున్నాడు. గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నొప్పి కన్నా ముందు దాని వెనక కథ తెలియాలి. 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది, 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యాయి, ఇతను పాసయ్యాడు. ఆ తర్వాత ఈవెంట్లు ఆగిపోయాయి. ఏడాదిన్నర పాటు ఊళ్లోనే మట్టిదారిలో వారానికి మూడు రోజులు, రోజుకు రెండు మూడు కిలోమీటర్లు పరిగెత్తేవాడు. ఏ నొప్పీ లేదు. 2024 జూన్‌లో మళ్లీ కదలిక వచ్చిందని తెలియగానే కోచింగ్‌లో చేరాడు. అక్కడ వారానికి ఆరు రోజులు పరుగు, సాయంత్రం లాంగ్ జంప్, మధ్యలో కప్పగంతులు, గ్యాలరీ మెట్ల మీద మునివేళ్లతో పరుగు. పైగా స్నేహితుడు చెప్పాడని పాత బూట్లు మార్చి పలచటి అట్ట ఉన్న బూట్లు కొన్నాడు. మూడు వారాలు తిరక్కుండానే మడమ పట్టేసింది.

మట్టి నేల, టార్ రోడ్డు, బూట్లు అంటూ చాలామంది ఒక్క కారణం కోసం వెతుకుతారు. నా లెక్కలో ఇక్కడ అసలు కారణం పరుగు, గంతులు ఒక్కసారిగా పెరగడమే. కండరం కొత్త పనికి అలవాటు పడేంత తొందరగా టెండన్ పడదు. పరుగులో ప్రతి అడుగుకూ అకిలిస్ మీద శరీర బరువుకు ఐదారు రెట్లు లాగుడు పడుతుంది. వేగం పెరిగితే, గంతు వేస్తే ఇంకా ఎక్కువ. ఆ పనిని మూడు వారాల్లో రెండింతలు దాటించాడు.

నొప్పి తీరు పుస్తకంలో రాసినట్టే ఉంది. "పొద్దున మంచం దిగితే బాత్రూమ్ దాకా కుంటుకుంటా పోతా మేడం. ఓ పావుగంటకు సర్దుకుంటాది. గ్రౌండ్‌లో మొదటి రౌండు నొప్పి, రెండో రౌండుకు తెలీదు. సాయంత్రానికి మళ్లీ వస్తాది." వేడెక్కితే తగ్గి, చల్లారితే తిరిగి వచ్చే ఈ నొప్పే జనాన్ని మోసం చేస్తుంది. పరిగెత్తేటప్పుడు లేదు కాబట్టి పరుగు వల్ల కాదనుకుంటారు.

నా దగ్గరికి రాకముందు ఇతను రెండుసార్లు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాడు. ఒకసారి కట్టు కట్టించుకుని మూడు వారాలు, ఇంకోసారి డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలతో రెండు వారాలు. రెండుసార్లూ నొప్పి పోయింది. రెండుసార్లూ గ్రౌండ్‌కు వెళ్లిన మొదటి రోజే 1600 మీటర్లు పూర్తిగా కొట్టాడు, రెండుసార్లూ మళ్లీ మొదటికొచ్చింది. విశ్రాంతిలో నొప్పి తగ్గుతుంది కానీ పిక్క, టెండన్ మోయగలిగే శక్తి కూడా తగ్గుతుంది. తగ్గిన శక్తితో పాత పనికే వెళితే జరిగేది ఇదే.

పరీక్షలో చూసినవి

మడమ ఎముకకు నాలుగు సెంటీమీటర్ల పైన టెండన్ ఉబ్బి ఉంది, రెండు వేళ్లతో నొక్కితే గట్టిగా నొప్పి. పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తే ఆ ఉబ్బు కూడా కదిలింది. అంటే ఉబ్బు టెండన్‌లోనే ఉంది, పైపొరలో కాదు. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికితే పాదం మామూలుగానే కిందికి వంగింది, కాబట్టి తెగలేదు. ఈ చిన్న పరీక్ష నేను ఎప్పుడూ మానను. పరుగులో వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, "టప్" మని వినిపించి, ఆపైన మునివేళ్ల మీద లేవలేకపోతే అది వేరే కథ. ఆ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఒంటి కాలి మీద మడమ ఎత్తి దించడం కుడివైపు 28 సార్లు చేశాడు, ఎడమవైపు 14. మోకాలు కొంచెం వంచి చేస్తే కుడి 22, ఎడమ 9. ఈ రెండో అంకెనే నేను ఎక్కువ పట్టించుకున్నాను. మోకాలు వంచినప్పుడు పని ఎక్కువగా చేసేది పిక్క లోపలి సోలియస్ కండరం. దూరం పరిగెత్తేవాళ్లకు భారం మోసేది అదే. ఒంటి కాలి గంతులో నొప్పి పదికి ఆరు. చీలమండ వంగే తీరు రెండువైపులా ఒకటే, గోడకు పది సెంటీమీటర్ల దూరంలో పాదం పెట్టి మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించగలిగాడు. కాబట్టి సాగదీసే వ్యాయామాలు అక్కర్లేదు. అంతకుముందు ఎవరో చెప్పారని రోజూ మెట్టు మీద నిలబడి మడమ కిందికి వదిలి నిమిషాల తరబడి సాగదీస్తున్నాడు, దాన్ని ఆపించాను. అకిలిస్ నొప్పికి వాడే విసా-ఏ ప్రశ్నపత్రంలో నూటికి 47 వచ్చింది. ఆరోగ్యంగా ఉండి పరుగెత్తేవాళ్లకు నూరుకు దగ్గరగా రావాలి.

అడగాల్సిన ఇంకొన్ని ప్రశ్నలు ఉన్నాయి. పొద్దున నడుము చాలాసేపు పట్టేస్తుందా, సోరియాసిస్ ఉందా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లు ఉన్నారా. ఇవి ఉంటే నొప్పికి కారణం వేరే ఉండొచ్చు. ఏవీ లేవు. మాత్రల గురించి అడిగితే మాత్రం ఒక స్ట్రిప్ తీసి చూపించాడు. విరేచనాలకు మందుల షాపులో అడిగి కొనుక్కున్న ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు. మన ఊళ్లలో కడుపు కొంచెం పాడైతే చాలు చేతిలో పెట్టేది ఇవే. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులు టెండన్‌ను దెబ్బతీయగలవని, తెగడానికి కూడా దారితీయగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే వాటి మీద నల్లగీతల చట్రంలో అచ్చు వేసే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇతని విషయంలో నొప్పి మొదలైన నెల తర్వాత వేసుకున్నాడు కాబట్టి కారణం అది కాదు. కానీ పరిగెత్తే మనిషి ఈ కుటుంబపు మందు వేసుకునే ముందు డాక్టర్‌కు తన టెండన్ నొప్పి గురించి చెప్పాలి. షాపులో అడిగి కొనుక్కోకూడదు. ఆ మాట గట్టిగానే చెప్పాను.

స్కానింగ్ అతనే తీయించుకొచ్చాడు. టెండన్ మందంగా ఉంది, లోపల కొత్త రక్తనాళాలు ఉన్నాయి అని రిపోర్టు. దాన్ని చూసి టెండన్ కుళ్లిపోతోందేమో అని నిద్రలేని రాత్రులు గడిపాడట. స్కాన్‌లో ఇలాంటి మార్పులు ఉండి ఏ నొప్పీ లేకుండా పరిగెత్తేవాళ్లు చాలామంది ఉంటారు. నొప్పి పూర్తిగా పోయాక కూడా మందం ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. రిపోర్టును ఫైల్లో పెట్టేసి, ఇక మళ్లీ తీయించవద్దని చెప్పాను.

ఇంజెక్షన్ వేయించుకుంటే పదిరోజుల్లో తగ్గిపోతుందని రూమ్‌లో ఒకరు చెప్పారట. స్టెరాయిడ్ అయితే అకిలిస్ చుట్టూ వేయించుకోవద్దన్నాను. నొప్పి కొన్ని వారాలు తగ్గినా తెగే ప్రమాదం ఉంటుంది. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ గురించి కూడా అడిగాడు. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందిపై జరిగిన పరీక్షలో పీఆర్‌పీ వేసినవాళ్లకూ ఉప్పునీరు వేసినవాళ్లకూ ఆరు నెలలకు తేడా కనబడలేదు. రెండు గుంపులూ వ్యాయామం చేశాయి, రెండూ బాగుపడ్డాయి.

బరువు, మెల్లగా

మొదటి పది రోజులు లాంగ్ జంప్, కప్పగంతులు, మెట్ల పరుగు పూర్తిగా బంద్. పరుగు బదులు సైకిల్. బూట్ల లోపల మడమ కింద ఒక సెంటీమీటరు ఎత్తు పెట్టించాను. చెప్పులు కుట్టే ఆయన పాత చెప్పు అట్ట కోసి రెండింటికీ సమానంగా చేసిచ్చాడు. ఒక్క కాలికే పెట్టుకుంటే నడుముకు పని తగులుతుంది. ఈ పది రోజులూ మడమ సగం ఎత్తి 45 సెకన్లు బిగబట్టడం, ఐదుసార్లు. మోకాలి టెండన్‌లో ఇది వెంటనే నొప్పి తగ్గిస్తుందని పేరు. అకిలిస్‌లో అంత గొప్పగా ఏమీ పనిచేయదు. కానీ కుర్రాడికి చేతిలో ఏదో ఒక పని ఉంటుంది, చెప్పింది వింటాడు.

తర్వాతది అసలు చికిత్స. మెట్టు అంచున ఒంటి కాలి మీద నిలబడి మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి. ఫోన్‌లో మెట్రోనోమ్ (సెకన్ల లెక్కకు టిక్ టిక్ మనే యాప్) పెట్టుకోమన్నాను. ఎందుకంటే మెల్లగా అని నోటితో చెబితే ఎవరూ మెల్లగా చేయరు. రెండోది కుర్చీలో కూర్చుని మోకాలి మీద బరువు పెట్టుకుని మడమ ఎత్తడం, ఇది సోలియస్‌కు. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు ఖాళీ. మొదట 15 సార్లు చేయగలిగే బరువు, తర్వాత 12, 10, 8, చివరికి 6 సార్లకు మించి ఎత్తలేనంత బరువు. ఒక్కొక్కటి మూడు నాలుగు సెట్లు.

బరువు ఎక్కడిది అన్నది మొదటి చిక్కు. జిమ్‌కు డబ్బులు లేవు. బ్యాగులో కోచింగ్ పుస్తకాలు నింపితే ఎనిమిది కిలోలైంది. రెండు వారాలకే అది చాలలేదు. తర్వాత పది కిలోల బియ్యం ప్యాకెట్లు, ఒకటి, ఆపైన రెండు. కూర్చుని చేసేదానికి 26 కిలోల బియ్యం బస్తా మోకాలి మీద. ఐదో వారానికి బస్తా కూడా తేలికైపోయింది. అప్పుడు రూమ్‌మేట్‌ను మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు. 56 కిలోలు, మాట్లాడకుండా కదలకుండా కూర్చుంటే చాలు. ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. రూమ్‌మేట్ కరెంట్ అఫైర్స్ చదువుకుంటున్నాడు. ఎనిమిదో వారం నుంచి మాత్రం ఇంటి నుంచి డబ్బు అడిగి జిమ్‌లో చేరాడు. నిలబడి ఎత్తే బరువు ముప్పై కిలోలు దాటాక బ్యాగుతో బ్యాలెన్స్ కుదరదు.

వ్యాయామం చేసేటప్పుడు నొప్పి వస్తే ఆపాలా అని మొదటి రోజే అడిగాడు. పదికి ఐదు దాకా ఫర్వాలేదని పరిశోధనలు ఒప్పుకుంటాయి. నేను ఇతనికి నాలుగే చెప్పాను. ఉద్యోగం కోసం పరిగెత్తేవాడు ఆరు నొప్పిని నాలుగని చెబుతాడు, అది నాకు ముందే తెలుసు. అంతకన్నా ముఖ్యంగా చూసింది మర్నాటి పొద్దును. మంచం దిగాక మొదటి పది అడుగుల్లో నొప్పి ఎంత, అది రోజూ నోట్‌బుక్‌లో రాయాలి. ఎప్పటికన్నా ఎక్కువైతే అంతకుముందు రోజు చేసింది మోతాదు మించినట్టు. అప్పుడు పరుగు ఒక మెట్టు తగ్గుతుంది, బరువు వ్యాయామం మాత్రం ఆగదు.

పరుగు

నాలుగో వారంలో మొదలుపెట్టాం. ఒక నిమిషం జాగింగ్, ఒక నిమిషం నడక, పదిసార్లు. చదునైన మట్టి ట్రాక్ మీద, బరువు వ్యాయామం లేని రోజున. నవ్వుకున్నాడు. "ఇది మా నాయన కూడా చేస్తాడు మేడం." రెండు రోజులకొకసారి, మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతే జాగింగ్ పెంచుకుంటూ వెళ్లాం. ఆరో వారం చివరికి 20 నిమిషాలు ఆగకుండా, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో పూర్తి చేశాడు. పొద్దున నొప్పి ఒకటి, కొన్ని రోజులు సున్నా.

ఏడో వారంలో నోట్‌బుక్ చూస్తే అంకెలు ఒక్కసారిగా నాలుగు, ఐదు, ఐదు. పరుగు దూరం పెరగలేదు, బరువు పెరగలేదు. ఆ వారంలో రెండు రోజులకు ఎదురుగా "రెస్ట్" అని రాసి ఉంది. ఎక్కడున్నావు ఆ రోజుల్లో అని అడిగితే ఊళ్లో అన్నాడు. ఊళ్లో ఏం చేశావంటే శెనక్కాయలు పీకుతుంటే పోయాను అన్నాడు. అంటే రోజంతా ఒట్టికాళ్లతో మెత్తటి దున్నిన నేలలో, గొంతుకూర్చుని, చీలమండ పూర్తిగా వంచి పని. సాయంత్రం కాయలు నింపిన మూటలు భుజాన పెట్టుకుని ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కించాడు. ఒక్కో మూట నలభై కిలోల దాకా. "అది లెక్కలోకి యాడ వస్తాది మేడం, ఇంటిపనే కదా." టెండన్‌కు ఇంటిపని, గ్రౌండ్ పని అని తేడా లేదు. నోట్‌బుక్‌లో నాలుగో గడి గీయించాను: ఆ రోజు మోసిన బరువులు, ఎక్కిన మెట్లు, చేలో పని. రాయలసీమలో పరిగెత్తే పిల్లలకు ఈ గడి లేని లాగ్ సగమే. వ్యవసాయం పనులు నవంబరుతో అయిపోవు, మిగతా నెలల్లో కూడా ఏదో ఒకటి ఉంటుంది.

ఐదు రోజులు జాగింగ్ ఆపి నడక మాత్రమే ఉంచాం. బరువు వ్యాయామం ఒక్కసారి మాత్రమే వదిలాం. తొమ్మిదో వారానికి మళ్లీ ఒకటికి దిగింది.

అప్పుడు గంతులు మొదలయ్యాయి. టెండన్ ఒక స్ప్రింగ్ పని చేస్తుంది, నేల తాకిన ప్రతిసారీ శక్తిని పట్టి వదులుతుంది. బరువులెత్తడం ఆ పనికి కావాల్సిన బలం ఇస్తుంది కానీ ఆ పనినే నేర్పదు. రెండు కాళ్లతో చోటునుంచి కదలకుండా చిన్న గంతులు, తర్వాత తాడాట, తర్వాత ఒంటికాలి గంతులు. ఒక్కోదానికి వారం. ఇవి కూడా రోజు మార్చి రోజే. పదకొండో వారంలో 400 మీటర్ల ముక్కలు, వేగంగా. 100 మీటర్ల స్ప్రింట్ అన్నింటికన్నా చివర. లాంగ్ జంప్‌ను పూర్తిగా పక్కన పెట్టమన్నాను. అతను టేకాఫ్ తీసుకునేది ఎడమ కాలితోనే. సివిల్ కానిస్టేబుల్‌కు 1600 మీటర్లు తప్పనిసరి, 100 మీటర్లు, లాంగ్ జంప్‌లో ఏదో ఒకటి చాలు. కోచ్‌కు అన్నీ చేయించాలని ఉంది. ఫోన్‌లో కాస్త గట్టిగానే మాట్లాడుకున్నాం, చివరికి ఒప్పుకున్నాడు.

ఈ పద్ధతి ఎందుకు

అకిలిస్‌కు వ్యాయామం అనగానే చాలామంది ఫిజియోలకు గుర్తొచ్చేది స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ పద్ధతి. ఆయనే పరిగెత్తేవాడు, ఆయనకే ఈ నొప్పి. ఆపరేషన్ చేయమని పైఅధికారిని అడిగితే కుదరదన్నాడట. టెండన్ తెగిపోతే అప్పుడైనా చేస్తారని మడమను పదేపదే బరువుతో దించడం మొదలుపెట్టాడు. తెగలేదు, తగ్గింది. 1998లో 15 మంది మీద చేసి ప్రచురించాడు. రోజుకు రెండుసార్లు, మోకాలు నిటారుగా మూడు పదిహేనులు, వంచి మూడు పదిహేనులు, అంటే రోజుకు 180 సార్లు, 12 వారాలు, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా. ఇతని రూమ్‌లో పొద్దున నాలుగున్నరకు గ్రౌండ్, తొమ్మిదికి క్లాసు, రాత్రి పదకొండు దాకా చదువు. 180 అని చెప్పినా మొదటి వారం తర్వాత చేయడు.

2015లో డెన్మార్క్‌లో 58 మందిని రెండు గుంపులుగా చేసి ఆ పద్ధతినీ, వారానికి మూడుసార్లు మెల్లగా ఎక్కువ బరువు ఎత్తే పద్ధతినీ పోల్చారు. ఫలితం రెండింటికీ దాదాపు సమానమే. పన్నెండు వారాల దగ్గర అడిగితే రెండో గుంపువాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. ఫలితం ఒకటే అయితే మనిషి చేయగలిగేదే ఇవ్వాలి, నా లెక్క అంతే. రోజు విడిచి రోజు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గట్టి వ్యాయామం తర్వాత టెండన్‌లో కొల్లాజెన్ (టెండన్‌కు బలమిచ్చే పీచు) తయారీ, కరగడం రెండూ పెరుగుతాయి. మొదటి ఒకటి ఒకటిన్నర రోజు కరిగేదే ఎక్కువ, ఆపైనే మిగులు. రోజూ గట్టిగా తోస్తే ఆ మిగులు దాకా పోనివ్వం.

పరుగు మాన్పించకుండా చికిత్స చేయొచ్చన్నదానికి 2007 నాటి స్వీడన్ అధ్యయనం ఆధారం. 38 మందిలో సగం మందిని నొప్పి కొలుచుకుంటూ పరుగు, గంతులు కొనసాగించనిచ్చారు, మిగతావాళ్లకు ఆరు వారాలు మాన్పించారు. ఏడాదికి రెండు గుంపులూ బాగుపడ్డాయి, కొనసాగించినవాళ్లకు నష్టం ఏమీ కనబడలేదు. నేను మొదట్లో ఆపించింది ఇతనికి పొద్దున నొప్పి ఆరు ఉండటం వల్ల. రెండో మూడో ఉండి ఉంటే మొదటి రోజు నుంచే నడక జాగింగ్ ఇచ్చేదాన్ని.

ఇదే నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే ఇదే వ్యాయామాన్ని మెట్టు అంచున చేయించను. మడమ కిందికి దిగితే టెండన్ ఎముకకు ఒత్తుకుని నొప్పి ఎక్కువవుతుంది. నేల మీదే, సమతలం దాకా మాత్రమే.

కొలతలు

పన్నెండో వారంలో విసా-ఏ 83. మడమ ఎత్తడం ఎడమ 25, కుడి 29. మోకాలు వంచి ఎడమ 18, కుడి 23. గంతులో నొప్పి ఒకటి. టెండన్ మందం వేలికి తగిలినంత వరకు అలాగే ఉంది. ఈవెంట్లు 2024 డిసెంబరు ఆఖరులో మొదలయ్యాయి. అప్పటికి అతను పదహారో వారంలో ఉన్నాడు. ఎనిమిది నిమిషాల గడువున్న 1600 మీటర్లు 6 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేశాడు, 100 మీటర్లు కూడా దాటాడు. మర్నాడు పొద్దున నొప్పి రెండు, మూడో రోజుకు సున్నా.

ఒక్క కేసు ఇది. కొంత నొప్పి కాలంతో పాటు తనంతట తానే తగ్గి ఉండవచ్చు, ఎంత అన్నది విడదీసి చెప్పలేం. ఈవెంట్లు అయిపోయిన తెల్లారి నుంచి ఎక్కువమంది వ్యాయామం మానేస్తారు. ఇతనికి మోకాలు వంచి చేసే అంకె ఇంకా ఐదు తక్కువ ఉంది కాబట్టి వారానికి రెండుసార్లు బరువు, ఒకసారి గంతులు మెయిన్స్ అయ్యేదాకా కొనసాగించమన్నాను. మార్చిలో వచ్చినప్పుడు ఎడమ 21. జిమ్ మానేశాడు, చదువుకు టైం చాలడం లేదట. రూమ్‌మేట్ మళ్లీ మోకాలి మీద కూర్చుంటున్నాడు.